పిండి కలుపు యంత్రము: ఎన్నుకొను విధము



సాంస్కృతిక సంఘము వారి వేదికపై వంటింటి యంత్రమును గూర్చిన ప్రసంగమా యని కొందరికి వింతగా తోచవచ్చును. సాహిత్యము, సంగీతము, నాట్యము సంస్కృతికి ముఖ్యాంగములనుటలో సందేహము లేదు. అయినను ఒక జాతి యేమి తినుచున్నది, ఆ తిండిని ఎవరి చేతులు సిద్ధపరచుచున్నవి, ఆ చేతులకు ఎంత విరామము లభించుచున్నది అను విషయములు కూడ సంస్కృతికి వెలుపలివి కావు. రోలు, రోకలి, తిరుగలి లేకున్నచో తెలుగున దంపుళ్ల పాటలును లేవు, తిరుగటి పాటలును లేవు. ఆ పాటలు మధురములే. కాని అవి పుట్టినది భుజములు నొచ్చిన స్త్రీల శ్రమనుండి.

రుబ్బురోలు స్థానమున వెట్ గ్రైండరు వచ్చినది. కోయంబత్తూరునకు చెందిన పి. సభాపతి 1955లో దానిని రూపొందించెనని ప్రసిద్ధి. ఆ తరువాత మిక్సీ వచ్చి చట్నీల పనిని, పొడుల పనిని తేలిక చేసినది. ఇటీవలి కాలమున వీనికి తోడుగా స్టాండు మిక్సరు అను మరియొక యంత్రము తెలుగు ఇండ్లలో ప్రవేశించుచున్నది. 2020లో కోవిడ్ కారణమున బజారులు మూతపడిన నెలలలో అనేక కుటుంబములు ఇంటనే బ్రెడ్డు, కేకు, బిస్కట్లు చేయుట నేర్చుకొన్నవి. ఆ అలవాటు పలు ఇండ్లలో నిలిచినది. చిన్న ఓవెన్ కొన్న ఇల్లాలు కొంతకాలమునకు స్టాండు మిక్సరు వంక చూచుట సహజము.

అయితే బజారులో దీని వెల ఆరేడు వేల రూపాయలు మొదలుకొని ఏబది వేలు దాటువరకు గలదు. నెలజీతముతో సంసారము నడుపు కుటుంబమునకు ఇది చిన్న మొత్తము కాదు. సరిగా ఎన్నుకొన్న యంత్రము ఏండ్ల తరబడి చేతికి ఆసరాగా నిలుచును. తప్పుగా ఎన్నుకొన్నది కొన్ని నెలలలో అటక యెక్కును. అటక యెక్కిన యంత్రమునకు పెట్టిన డబ్బు పోవుటయే కాక, పిండి పిసుకు పని తిరిగి మునుపటి చేతులకే వచ్చును. కావున ఎన్నుకొను విధమును గూర్చి కొంత విచారించుట అవసరము.

మొట్టమొదట పేరులోని సామ్యమువలన కలుగు భ్రాంతిని తొలగించుకొనవలెను. మిక్సీయు, మిక్సరును ఒకటి కాదు. మిక్సీలో వాడియైన బ్లేడ్లు నిమిషమునకు వేలకొలది చుట్లు తిరిగి పదార్థమును తరుగును. వెట్ గ్రైండరు రెండు రాళ్లనడుమ పప్పును నలిపి మెత్తపరచును. స్టాండు మిక్సరు తరుగదు, నలుపదు. అది కలుపును, గిలకొట్టును, పిసుకును. పేరొందిన యొక రకమున దాని వేగము నిమిషమునకు 60 చుట్లు మొదలు 280 చుట్ల వరకు మాత్రమే. కావున ఇడ్లీకి, దోసెకు పిండి రుబ్బుట దీని పని కాదు. ఈ యంత్రము వచ్చిన పిమ్మట గ్రైండరును ఎవరికైన ఇచ్చివేయవచ్చునని తలచు వారు నిరాశ చెందకమానరు.

ఈ యంత్రము పుట్టిన తీరును తెలిసికొన్నచో దాని స్వభావము తేటపడును. అమెరికాలో ఒహాయో రాష్ట్రమునందు హోబర్ట్ అను సంస్థ యుండెను. అందలి ఇంజనీరు హెర్బర్ట్ జాన్‌స్టన్ 1908లో ఒక రొట్టెల పనివాడు లోహపు గరిటెతో పిండిని కలుపుచు పడుచున్న ఆయాసమును చూచి, ఆ పనికి యంత్రమును కల్పింప సంకల్పించెనని చెప్పుదురు. అట్లు పుట్టినది ఇంటి యంత్రము కాదు. బేకరీలకు పనికివచ్చు భారీ యంత్రము. మొదటి ప్రపంచ సంగ్రామ కాలమున అమెరికా నావికాదళము దానిని తన ఓడల వంటశాలలలో ఉపయోగించినది. 1919లో ఆ సంస్థయే కిచెన్‌ఎయిడ్ అను పేరుతో గృహములకొరకు చిన్న రకమును విడుదల చేసెను. చిన్నదనినను దాని బరువు సుమారు 30 కిలోలు. వెల 189 డాలర్ల 50 సెంట్లు. ఆ కాలమున అది సామాన్య గృహస్థునకు అందునది కాదు. 1937లో ఎగ్మాంట్ ఎరెన్స్ అను రూపశిల్పి దానికి సరళమైన ఆకృతి నిచ్చి, అందరకు అందుబాటులోనికి వచ్చునట్లు చేసెను.

ఇదే కాలమున మరియొక శాఖ బయలుదేరినది. 1930లో సన్‌బీమ్ సంస్థ ఐవర్ జెప్సన్ రూపకల్పనతో మిక్స్‌మాస్టర్ అను యంత్రమును విక్రయింపసాగెను. దానియందు రెండు తేలికైన బీటర్లు ఒకదానిలో నొకటి చొచ్చుకొని తిరుగును. గ్రుడ్లు, క్రీము, పలుచని కేకు పిండి గిలకొట్టుటకు అది మిక్కిలి అనుకూలము. స్వీడన్ దేశమున 1940లో ఎలక్ట్రోలక్స్ వారి అసిస్టెంట్ అను యంత్రము వెలువడినది. దానిలో తిరుగునది ప్రధానముగా గిన్నె. ఇంగ్లండులో 1950లో కెన్ వుడ్ అనునతడు తన పేరనే కెన్‌వుడ్ షెఫ్‌ను ప్రవేశపెట్టెను.

ఈ చరిత్రనుండి గ్రహింపవలసినది యేమన, స్టాండు మిక్సరులకు రెండు వంశములు గలవు. ఒకటి గట్టి పిండి వంశము. దాని మూలము బేకరీ. రెండవది క్రీము వంశము. దాని మూలము గ్రుడ్లు గిలకొట్టు చేతి పనిముట్టు. నేటి దుకాణములలో ఈ రెండు వంశముల యంత్రములును ఒకే బల్లపై, ఒకే ఆకృతితో, ఒకే రంగుల తళుకుతో నిలిచియుండును. పైకి భేదము కనబడదు. కొనువారు తమకు కావలసినది పిండి పనియా, క్రీము పనియా యని ముందుగా తేల్చుకొనినచో సగము ఎంపిక పూర్తియైనట్లే.

క్రీము పని సులభమైనది. వెన్నను పంచదారతో గిలకొట్టునప్పుడు పంచదార పలుకులు వెన్నలో సన్నని గాలి బుడగలను ఏర్పరచును. కేకు పొంగుటకు ఆ బుడగలే ఆధారము. ఇందుకు బలముకంటె వేగము, ఓపిక ముఖ్యములు. వెన్న మిక్కిలి గట్టిగా గాని, మిక్కిలి మెత్తగా గాని ఉండరాదు. 18 నుండి 20 డిగ్రీల ఉష్ణోగ్రత తగినది. ఢిల్లీ నగరమున జనవరిలో ఫ్రిజ్‌నుండి తీసిన వెన్న గంటలు గడచినను మెత్తపడదు. మే నెలలో నిమిషములలో కరగిపోవును. ఈ చిక్కును ఏ యంత్రమును తీర్చజాలదు. చలికాలమున వెన్నను చిన్న ముక్కలుగా కోయుట, వేసవిలో గిన్నెను కొంతసేపు ఫ్రిజ్‌లో నుంచుట మనిషి చేయవలసిన పనులే.

బ్రెడ్డు పిండి పని కష్టమైనది. గోధుమపిండిలో గ్లయాడిన్, గ్లూటెనిన్ అను రెండు మాంసకృత్తులు గలవు. నీరు తగిలి, పిసుకుడు పడినప్పుడు అవి కలిసి గ్లూటెన్ అను సాగు వలగా నేర్పడును. ఈస్టు విడుచు వాయువును పట్టియుంచునది ఆ వలయే. వల బలముగా లేనిచో బ్రెడ్డు పొంగదు. పొంగినను ఓవెన్‌లో కూలిపోవును. పిండి చాలినంత పిసుకబడినదా యని తెలిసికొనుటకు చిన్న ముద్దను తీసి వ్రేళ్లతో మెల్లగా సాగదీయవలెను. అది చిరుగక పలుచని పొరవలె విచ్చుకొని, వెలుతురు కనబడినచో పని పూర్తియైనట్లు. చేతితో ఈ స్థితికి వచ్చుటకు పదిహేను, ఇరువది నిమిషములు పట్టవచ్చును. మణికట్లు నొచ్చునది, భుజములు బరువెక్కునది ఇక్కడనే. యంత్రమునకు నిజమైన పరీక్షయు ఇక్కడనే.

ఇక యంత్రమున చూడవలసిన అంశములను క్రమముగా విచారింపవచ్చును.

మొదటిది వాట్ల సంఖ్య. దుకాణదారుడు మొట్టమొదట చెప్పునది ఇదే. వెయ్యి వాట్లు, పదునాలుగు వందల వాట్లు అని డబ్బాపై పెద్ద అక్షరములతో ముద్రింపబడియుండును. ఈ సంఖ్య యంత్రము విద్యుత్తును ఎంత తీసికొనునో చెప్పును గాని, పిండికి ఎంత బలము అందించునో చెప్పదు. నడుమ గేర్లలోను, వేడిలోను, శబ్దములోను కొంత శక్తి వ్యయమగును. తక్కువ వాట్లు గలిగి, మంచి గేర్లతో నెమ్మదిగా తిరుగుచు గట్టి పిండిని అవలీలగా పిసుకు యంత్రములు గలవు. ఎక్కువ వాట్లు గలిగియు, పది నిమిషములకే వేడెక్కి వాసన వచ్చునవియు గలవు. కావున వాట్లను మాత్రమే చూచి కొనుట, అభ్యర్థి ఎత్తును చూచి ఉద్యోగమిచ్చుటవంటిది. విద్యుత్ వ్యయమునకు జంకవలసిన పని లేదు. వెయ్యి వాట్ల యంత్రము పూర్తి శక్తితో పది నిమిషములు నడచినను యూనిట్టులో ఆరవ వంతు మాత్రమే ఖర్చగును.

రెండవది గేర్లు. లోపల లోహపు గేర్లు గలవా, ప్లాస్టిక్ గేర్లు గలవా యని అడుగవలెను. ఇందొక సూక్ష్మము గలదు. కొన్ని మంచి యంత్రములలో ఒక గేరును కావలెననియే మెత్తని పదార్థముతో చేయుదురు. పిండి మితిమీరి గట్టిపడినప్పుడు ఆ గేరు అరిగిపోయి మోటారును కాపాడును. విద్యుత్ తీగలలో ఫ్యూజు చేయు పనివంటిదే ఇది. అట్టి గేరు విడిగా దొరకునా, స్థానికముగా మార్చగలవారున్నారా యని విచారించుకొనవలెను. అన్ని గేర్లును ప్లాస్టిక్‌వైన యంత్రము క్రీమునకు చాలును. వారము వారము బ్రెడ్డు చేయువారికి తగదు.

మూడవది తిరుగు విధానము. మంచి యంత్రములలో బీటరు తన చుట్టు తాను తిరుగుచు, గిన్నె చుట్టును తిరుగును. భూమి సూర్యుని చుట్టు తిరుగు రీతిని పోలియుండుటచే దీనికి గ్రహగతి యని పేరు. ఇందువలన గిన్నెలో ఏ మూలయు మిగిలిపోదు. అయితే బీటరునకు, గిన్నె అడుగునకు నడుమ ఎడము సరిగా ఉండవలెను. ఎడము ఎక్కువైనచో అడుగున పిండి కలియదు. తక్కువైనచో లోహము లోహమును గీకును. పలుచని నాణెమునొకదానిని ఖాళీ గిన్నెలో వేసి, యంత్రమును అతి నెమ్మదిగా నడిపినచో బీటరు నాణెమును అప్పుడప్పుడు తాకి కొంచెము జరుపవలెను. తాకనే తాకనిచో గాని, నిలువక తరుముచున్నచో గాని మరను సరిచేయవలెను. ఈ సవరణకు వీలు గల యంత్రమును ఎన్నుకొనుట మంచిది.

నాలుగవది గిన్నె పరిమాణము. ఇక్కడ జరుగు పొరపాటు అధికము. పెద్దది కొన్నచో అన్నిటికిని పనికివచ్చునని పలువురు భావింతురు. కాని గిన్నె పరిమాణమును నిర్ణయింపవలసినది కుటుంబ సంఖ్య కూడ కాదు, ఇంటిలోని ఓవెన్. అరకిలో మైదాకు సుమారు 300 గ్రాముల నీరు పోసినచో ఒక పెద్ద బ్రెడ్డు అచ్చునకు సరిపడు ముద్ద వచ్చును. సామాన్యముగా ఇండ్లలో నుండు 30 లీటర్ల ఓవెన్‌లో ఒక పర్యాయము అట్టి అచ్చు ఒకటి, సర్దుకొన్నచో చిన్నవి రెండు పట్టును. రెండు కిలోల పిండి కలుపు యంత్రమును కొని, ఒక అచ్చు పట్టు ఓవెన్ ముందు నిలుపుటవలన ప్రయోజనమేమి? మిగిలిన ముద్ద వేచియుండి పులిసిపోవును. నాలుగున్నర, ఐదు లీటర్ల గిన్నె ఇట్టి ఇంటికి చాలును. పైగా పెద్ద గిన్నెలో ఒకటి రెండు గ్రుడ్ల తెల్లసొన వేసినచో విస్కు దానిని అందుకొనజాలదు.

తయారీదారులు వ్రాయు పిండి పరిమితిని కూడ జాగ్రత్తగా చదువవలెను. ఆ పరిమితి మెత్తని మైదా పిండిని దృష్టిలో నుంచుకొని చెప్పినది. గోధుమపిండిలో తవుడు ఉండుటచే అది నీటిని ఎక్కువ పీల్చును, ముద్ద బరువెక్కును. పూరీలకు కలుపు పిండి బ్రెడ్డు పిండికంటె మిక్కిలి గట్టిది. అట్టి పిండిని చెప్పిన పరిమితిలో సగము, మూడింట రెండు వంతులు మించకుండ వేయుట యంత్రమునకు క్షేమము. పిండి పిసుకునప్పుడు అతి తక్కువ వేగములనే వాడవలెనని అనేక తయారీదారులు విధించియున్నారు. త్వరగా కావలెనని వేగము పెంచినచో పిండి బాగుపడదు, గేర్లు పాడగును.

ఐదవది తల ఎత్తు విధము. కొన్నిటిలో యంత్రపు తల వెనుకకు వాలును. మరికొన్నిటిలో తల కదలక, గిన్నెయే మీటతో పైకి లేచును. తల వాలునవి చిన్న పనులకు సౌకర్యము. గిన్నె లేచునవి గట్టి పిండికి స్థిరముగా నిలుచును, బరువును వెలయును కూడ ఎక్కువ. ప్రభుత్వ గృహములందు వంటింటి గట్టుకు పైన అరలు తక్కువ ఎత్తున ఉండుట సామాన్యము. తల పైకెత్తినప్పుడు యంత్రపు ఎత్తెంతయో టేపుతో కొలిచి, అర క్రింద ఎడమెంతయో కొలిచి, ఆ పిమ్మట దుకాణమునకు పోవలెను. ఈ చిన్న కొలతను మరచి కొని, యంత్రమును భోజనపు బల్లపై నుంచవలసి వచ్చిన కుటుంబములు గలవు.

ఆరవది బరువు. యంత్రము తేలికగా ఉన్నచో మోయుటకు సులభమే గాని, గట్టి పిండి పడగానే అది గట్టుపై నడువసాగును. పది కిలోల యంత్రము కదలక నిలుచును. కాని దానిని రోజు అటకనుండి దించి, తిరిగి ఎక్కించుట నడివయసు దాటిన స్త్రీకి సాధ్యము కాదు. శాశ్వతముగా గట్టుపై నుంచుటకు చోటు గలవారే బరువైనది కొనవలెను. చోటు లేనివారు ఎంత మంచి యంత్రమైనను కొనరాదు. చేతికి అందని యంత్రము ఉన్నను లేనట్లే.

ఏడవది ఉపకరణములు. చదునైన బీటరు కేకు పిండికి, తీగల విస్కు గ్రుడ్లకు క్రీమునకు, కొక్కెము బ్రెడ్డు పిండికి అవసరము. కొక్కెము సాదాగా వంగినదియు గలదు, స్క్రూవలె మెలిక తిరిగినదియు గలదు. మెలిక గలది పిండిని క్రిందికి అదుముచుండుటచే ముద్ద పైకి ప్రాకుట తక్కువ. ఇవి స్టెయిన్‌లెస్ స్టీలువైనచో మేలు. పూత లేని అల్యూమినియమువి గిన్నెలు కడుగు యంత్రమున వేసినచో నల్లబడి చేతికి మసి అంటును. ఈ మూడును కాక నూడుల్స్ తీయునది, కూరలు తరుగునది అని అమ్మకపువారు పలు వస్తువులను జతచేయుదురు. వానిలో ఎన్ని నిజముగా వాడుకలోనికి వచ్చునో ఆలోచించి డబ్బు చెల్లించవలెను. రెండవ గిన్నె మాత్రము నిజముగా ఉపయోగపడును. పచ్చసొన ఒకదానిలో, తెల్లసొన మరియొకదానిలో గిలకొట్టవలసిన కేకులు అనేకము.

విదేశములందు సంతానము గల తెలుగు కుటుంబములు నేడు అనేకము. కుమారుడో, కుమార్తెయో అమెరికానుండి వచ్చునప్పుడు ప్రేమతో ఒక స్టాండు మిక్సరును తెచ్చుట కలదు. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. దానిని నేరుగా ఇచ్చటి ప్లగ్గులో పెట్టినచో మోటారు కాలిపోవు ప్రమాదము గలదు. వోల్టేజీని తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు కావలెను. దాని సామర్థ్యము యంత్రపు వాట్లకంటె తగినంత అధికముగా ఉండవలెను. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను మార్చును గాని హెర్ట్‌జ్‌ను మార్చదు. కార్బన్ బ్రష్షులు గల మోటారు ఆ భేదమును సహించును. అన్ని రకముల మోటార్లు సహింపవు. ఇంతకును మించి, ఒక దేశమున కొన్నదానికి మరియొక దేశమున హామీ చెల్లకపోవుట సాధారణము. కావున తెచ్చుటకు బదులు, ఆ మొత్తముతో ఇక్కడనే కొనిపెట్టుట బిడ్డలకు సులభము, తల్లిదండ్రులకు క్షేమము.

ఇన్ని అంశములను చెప్పిన పిమ్మట, అసలు ఈ యంత్రము ఎవరికి అవసరమను ప్రశ్న మిగులును. ఉదాహరణకు మూడు రకముల కుటుంబములను తలచుకొనవచ్చును.

ఒక ఇంట భార్యాభర్తలిద్దరే గలరు. నెలకొక కేకు, పండుగకు కొన్ని బిస్కట్లు. బ్రెడ్డు బజారునుండి వచ్చును. వీరికి స్టాండు మిక్సరు అవసరమే లేదు. చేతితో పట్టుకొను విద్యుత్ బీటరు చాలును. దాని వెలయు స్వల్పము, సొరుగులో పట్టును. చపాతీ పిండి ఇద్దరికి చేతితో కలుపుటకు ఐదు నిమిషములు మించదు.

రెండవ ఇంట నలుగురైదుగురు గలరు. వారమునకు ఒకటి రెండు బ్రెడ్లు, పిల్లల పుట్టినరోజులకు కేకులు, పండుగలకు బొబ్బట్లు. బొబ్బట్లకు పైపిండిని నూనె వేసి బాగుగా సాగునట్లు పిసుకవలెనని తెలుగు ఇల్లాండ్రకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆ పనిని కొక్కెము చక్కగా నెరవేర్చును. పూర్ణము రుబ్బుట మాత్రము దాని పని కాదు. వీరికి నాలుగున్నర, ఐదు లీటర్ల గిన్నె, లోహపు గేర్లు గల తల వాలు యంత్రము తగినది. ఈ ఇంటికి డబ్బు పెట్టుట న్యాయము.

మూడవ ఇంట ఒక స్త్రీ కేకులు చేసి విక్రయించుచు సంసారమునకు కొంత ఆదాయము సమకూర్చుచున్నది. ఆమెకు యంత్రము అలంకారము కాదు, జీవనోపాధి. ఆర్డరు ఇచ్చిన దినమున యంత్రము ఆగిపోయినచో ఆ దినపు ఆదాయమే కాదు, నమ్మకమును పోవును. ఆమె రంగును, ఆకృతిని విడిచి, ఊరిలో మరమ్మతు కేంద్రము గలదా, విడిభాగములు ఎన్ని దినములలో వచ్చును, ఎడతెగక ఎంతసేపు నడుపవచ్చును అను మూడు ప్రశ్నలకు సమాధానము రాబట్టవలెను. గృహోపయోగమునకు మాత్రమే హామీ యని పత్రమున వ్రాసియుండుట కలదు. వ్యాపారమునకు వాడినచో అది చెల్లదు. ఆ వాక్యమును చదువక సంతకము చేయరాదు.

దుకాణమున యంత్రమును నడిపి చూపుమని అడుగుటకు సంకోచింపరాదు. ఖాళీ గిన్నెతో తిప్పి చూపునది పరీక్ష కాదు. వీలున్నచో అరకిలో పిండి, నీరు వెంట తీసికొనిపోయి కలిపించవలెను. పది నిమిషములలో యంత్రము కదలినదా, శబ్దము మారినదా, తల ఎగిరెగిరి పడినదా, మోటారు పైభాగము చేయి పెట్టలేనంత వేడెక్కినదా యని గమనింపవలెను. దుకాణదారు అంగీకరింపనిచో, అదే యంత్రమును ఏడాదిగా వాడుచున్న వారింటికి పోయి చూచుట మేలు. డబ్బాపై వ్రాతకంటె వాడినవారి మాట విలువైనది.

ఇంటికి వచ్చిన పిమ్మట పాటింపవలసిన జాగ్రత్తలు కొన్ని గలవు. యంత్రము కూడ పిండిని వేడెక్కించును. ముద్ద 25 డిగ్రీల దరిదాపులనుండుట మంచిది. ఉత్తరాది వేసవిలో మైదాయే అంతకంటె వేడిగా ఉండును. ఆ దినములలో ఫ్రిజ్ నీటితో కలుపవలెను. గిన్నె అంచులను గీకునప్పుడు యంత్రమును ఆపి, ప్లగ్గు తీయవలెను. తిరుగుచున్న కొక్కెము దరికి చీర కొంగు, జడ, గాజులు పోనీయరాదు. మెల్లగా తిరుగుచున్నది గదా యని చేయి పెట్టుట అపాయము. మెల్లగా తిరుగునదే బలముగా పట్టును. పిల్లలను ఆ సమయమున దూరముగా ఉంచవలెను.

ఈ సభలో నున్నవారిలో అధికులు ప్రభుత్వోద్యోగులు. కార్యాలయమున ఏదైన వస్తువు కొనవలసినప్పుడు, దానిని ఉపయోగించు విభాగమే మొదట ఇండెంటు పంపును. ఎంత పని, ఎట్టి పని, ఎక్కడ నుంచవలెను అను వివరములు దానియందుండును. పెద్ద కొనుగోళ్లలో సాంకేతిక యోగ్యతను ముందు పరిశీలించి, ధరల కవరును తరువాత విప్పుట కూడ కలదు. ఈ క్రమము ఎందుకు ఏర్పడినదో అందరకు తెలియును. అవసరము తెలియనివాడు కొన్న వస్తువు మూలపడును.

ఇంట మాత్రము ఈ క్రమము తలక్రిందులగుట తరచుగా జరుగును. డబ్బు ఇచ్చు గృహస్థు దుకాణమునకు పోయి, వాట్లను, తగ్గింపు ధరను చూచి, ఇల్లాలిని ఆశ్చర్యపరచవలెనని యంత్రమును తెచ్చును. ఉద్దేశము మంచిదే. కాని ఆ యంత్రపు బరువును ఎత్తవలసినది ఆమె. గిన్నెను కడుగవలసినది ఆమె. పిండి మెత్తపడినదా లేదా యని వ్రేళ్లతో గుర్తెరుగగలదియు ఆమెయే. ఆమె ఇండెంటు లేకుండ జరిగిన కొనుగోలు సక్రమమైన కొనుగోలు కాదు. ఆమె నాకు ఇది అవసరము లేదనినచో ఆ నిర్ణయమును గౌరవింపవలెను. ఆ డబ్బు ఆమె కోరిన వేరొక వస్తువునకు వినియోగపడవచ్చును. కొన్ని ఇండ్లలో పిండి పిసుకునది పురుషుడే కావచ్చును. అట్టి ఇండ్లు పెరుగుచుండుట సంతోషకరము. అప్పుడు ఇండెంటు అతనిదే.

కావున కొనదలచినవారు ఒక ఆదివారము సాయంకాలము ఇంటిలో పిండి పని చేయువారితో కూర్చుండి ఒక కాగితముపై ఐదు వాక్యములు వ్రాసికొనవలెను. వారమునకు ఎంత పిండి, ఏ రకపు పిండి, ఓవెన్‌లో ఒక పర్యాయము ఎంత పట్టును, గట్టుపై ఎంత చోటు, చెల్లింపగల మొత్తమెంత. ఈ ఐదింటికి సమాధానము వచ్చినచో దుకాణమున చూడదగిన యంత్రములు రెండు మూడు మాత్రమే మిగులును. వానిలో ఏది కొన్నను నష్టము లేదు. సమాధానము రానిచో మరి కొన్ని నెలలు చేతితోనే పిసుకుచు, పని ఎంతయో లెక్క చూచుకొని, ఆ పిమ్మట కొనుట యుక్తము.